చుట్టుబాటలో మనిషి

నూర్పు యంత్రాలు రాకముందు, పంట యింటికి వచ్చే రోజుల్లో, భోగాపురం పరిసరాల పల్లెల్లో ప్రతి కళ్ళంలోను వొకే దృశ్యం కనిపించేది. నడుమ పాతిన గుంజ, దాని చుట్టూ పరిచిన వరిపనలు, వాటిమీద వరసగా కట్టిన యెడ్లు, వాటి వెనక వొక మనిషి. యెడ్లు తిరిగేవి, మనిషీ తిరిగేవాడు. పొద్దుగూకేవరకు నడిచినా అతడు యెక్కడికీ చేరేవాడు కాదు. బయలుదేరిన చోటికే మళ్ళీ మళ్ళీ వచ్చేవాడు. కాని అతడు వచ్చేసరికి గింజ గడ్డిని విడిచి నేలకు దిగేది. అదే మనిషి ఆషాఢ పౌర్ణమికి సింహాచలం పోయి, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండచుట్టూ సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగి, మళ్ళీ తొలిపావంచా దగ్గరకే వచ్చేవాడు. మొదటి తిరుగుడుకు శ్రమ అని పేరు, రెండవదానికి భక్తి అని పేరు. యీ రెండు తిరుగుళ్ళకూ వున్న సంబంధమేమిటన్నదే యీ వ్యాసంలో ప్రశ్న.

యీ ప్రశ్నకు రెండు తేలికైన సమాధానాలున్నాయి. చుట్టు తిరగడం విశ్వరహస్యమని, శంఖంలోను సుడిగుండంలోను నక్షత్రమండలంలోను వున్న ఆకృతినే మానవుడు తన పాదాలతో అనుకరిస్తున్నాడని ఆధ్యాత్మికవాదులు చెబుతారు. అది వట్టి మూఢనమ్మకమని, దానిని గురించి ఆలోచించడమే కాలహరణమని మనలో కొందరు చెబుతారు. మొదటివారు చరిత్రను చూడరు. రెండవవారు మనిషిని చూడరు. మతం ప్రజలకు మత్తుమందు అన్న మార్క్సు మాట మనవాళ్ళకు కంఠస్థమే. అదే పేరాలో, అంతకుముందే, అది నిజమైన బాధకు వ్యక్తీకరణ అని కూడా ఆయన 1844లో రాసిన సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు.

1

మొదట పదార్థం తేల్చుకోవాలి. దారి తప్పించే కట్టడం వేరు, చుట్టుబాట వేరు. మొదటిదానిలో దారులు చీలుతాయి, యెటు పోవాలో నడిచేవాడు తేల్చుకోవాలి, తప్పుతాడు. చుట్టుబాటలో దారి వొక్కటే. అది మెలికలు తిరుగుతుంది, నడిబొడ్డుకు దగ్గరగా వచ్చినట్టే వచ్చి దూరం జరుగుతుంది, చివరకు నడిబొడ్డులోనే వదులుతుంది. నడిచేవాడు అలిసిపోవచ్చునుగాని తప్పిపోడు.

మన దేశంలో యీ బొమ్మకు పద్మవ్యూహమన్న పేరు అంటుకుంది. కర్ణాటకలోని హళేబీడు హొయ్సళేశ్వరాలయంలో, 12వ శతాబ్దపు శిల్పులు అభిమన్యుని యుద్ధాన్ని చెక్కుతూ, వ్యూహాన్ని యిటువంటి చుట్టుబాటగానే చూపించారు. కథలో అభిమన్యునికి లోపలికి పోవడం తెలుసును, బయటికి రావడం తెలియదు. కాని బొమ్మలో రావడం పోయినంత సులభమే. వెనక్కు తిరిగితే చాలును. కథకూ బొమ్మకూ వున్న యీ తేడాలోనే వొక సత్యం వుంది. దారి తెలియక కాదు అభిమన్యుడు చచ్చిపోయింది. బయటికి వచ్చే దారిని ఆయుధాలతో కాచుకొని నిలబడ్డవాళ్ళ చేతిలో చచ్చిపోయాడు.

యీ బొమ్మ మనకు మాత్రమే సొంతం కాదు. గ్రీసులోని పైలోస్ రాజభవనం సుమారు క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో కాలిపోయింది. ఆ మంటలో కాలి గట్టిపడిన మట్టిపలకలు 20వ శతాబ్దపు తవ్వకాలలో దొరికాయి. వాటిలో వొకదాని వెనకవైపు చుట్టుబాట గీసివుంది. కాలం తెలిసిన చుట్టుబాటలలో అది చాలా పాతది. ముందువైపు యేమున్నదో తెలుసా? మేకల లెక్క. యే యే మనిషి పేర యెన్ని మేకలో రాసుకున్న భాండాగారపు చిట్టా. వొక లేఖరి రాజుగారి లెక్క రాసుకుంటూ, విరామంలో పలక తిప్పి గీసిన గీత అనుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. క్రీటుదీవి పలకలలో, 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని చదివిన తర్వాత, చుట్టుబాట అమ్మవారికి వొక జాడీ తేనె సమర్పించినట్టు తెలిసింది. అంటే ఆనాటికే యీ ఆకృతి లెక్కల పలకమీదా వున్నది, దేవత పేరులోనూ వున్నది. ఆధ్యాత్మికార్థమూ మేకల లెక్కా వొకే చేతిమీదుగా మనదాకా వచ్చాయి.

2

యిక ప్రకృతి మాట. భోగాపురం తీరాన ముక్కాం దగ్గరగాని, చేపలకంచేరు దగ్గరగాని యిసుకలో నడిచే పిల్లవానికి మెలికల గవ్వ దొరుకుతుంది. అది అలా యెందుకుంటుంది? లోపలి పురుగు పెరుగుతూ పెరుగుతూ తన గుల్ల అంచున మాత్రమే కొత్త సున్నం చేర్చుకుంటుంది. పాత యింటిని పడగొట్టదు, పెద్దది చేయలేదు. అంచునుంచి పెంచుతూ పోతుంది. వొక పక్క కొంచెం యెక్కువ, వొక పక్క కొంచెం తక్కువ చేర్చడంవల్ల అది మెలిక తిరుగుతుంది. రహస్యం లేదు, పెరుగుదల నియమం వుంది. నా దృష్టిలో రహస్యంకంటె నియమమే అందమైనది.

కుడివైపు తిరగడమే ప్రకృతిధర్మమన్న వాదం చూద్దాం. దక్షిణావర్త శంఖం పవిత్రమంటారు. ఆ జాతి శంఖాలలో అటువంటిది బహు అరుదు. అరుదు గనుకనే వెల, వెల గనుకనే మహిమ. అంతకంటె విచిత్రం వొకటుంది. మనం కుడివాటమనే ఆ శంఖాన్నే జీవశాస్త్రజ్ఞులు యెడమవాటమంటారు. శంఖాన్ని యే కొసనుంచి చూస్తున్నామన్నదే తేడా. 7వ శతాబ్దాంతంలో భారతదేశంలో సంచరించిన చైనా భిక్షువు ఇత్సింగ్, కుడివైపుగా ప్రదక్షిణం చేయడమంటే అసలు యెటు తిరగడమో తన దేశంలోని పండితులు తగవులాడుకుంటున్నారని, దానిని తీర్చడానికి తన గ్రంథంలో వొక ప్రకరణమే రాయవలసివచ్చింది. ప్రకృతి అంత స్పష్టంగా ఆజ్ఞాపించివుంటే తగవెందుకు వచ్చింది?

సూర్యగమనాన్ని అనుసరించి తిరగడం ప్రదక్షిణమంటారు. తూర్పున పొడిచి, దక్షిణంగా వొరిగి, పడమట కుంకే సూర్యుణ్ణి చూచిన ఉత్తరాదివారి అనుభవం అది. భోగాపురం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది. యిక్కడ మే నెల నడుమనుంచి జులై ఆఖరువరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే వుంటాడు. అంటే ఆ రెండున్నర నెలలూ సూర్యుణ్ణి అనుసరించదలచినవాడు అప్రదక్షిణంగా తిరగవలసివస్తుంది! యిక మన తీరానికి బాగా తెలిసిన మహాసుడి తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం కొబ్బరితోటలను పడవేసిన తిత్లీ, భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టే తుఫానులన్నీ ప్రదక్షిణానికి యెదురుగానే తిరుగుతాయి. దానికి కారణం భూభ్రమణం. ఆ తిరుగుడులో దైవద్రోహమూ లేదు, దైవభక్తీ లేదు.

దీన్నిబట్టి తేలేదేమిటి? ప్రకృతి మనకు ఆకృతులనిచ్చింది; అర్థాలనివ్వలేదు. అర్థాలు మనిషి పెట్టుకున్నవి. పెట్టుకున్న అర్థాలకు చరిత్ర వుంటుంది.

3

ఆ చరిత్ర చూడాలంటే మన కొండలెక్కాలి. భీమునిపట్నం పావురాలకొండ, దానికి దక్షిణాన బావికొండ, తొట్లకొండ, ఉత్తరాన నెల్లిమర్ల దగ్గర రామతీర్థం గురుభక్తులకొండ, వంశధార వొడ్డున శాలిహుండం. భోగాపురం యీ బౌద్ధక్షేత్రాల హారానికి నడుమ వున్నట్టుంటుంది. శాలిహుండాన్ని 1919లో మొదట వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ప్రజల నోటి భాషకు గ్రంథాలలో చోటిప్పించడానికి పోరాడిన మనిషే, ప్రజల పాదాలు మరచిపోయిన బాటను కూడా వెతికిపట్టుకోవడం కాకతాళీయంగా తోచదు. బావికొండను 1982–87 మధ్య, తొట్లకొండను 1988–93 మధ్య తవ్వారు. బుద్ధుణ్ణి మరచిపోయిన తర్వాత కూడా పల్లెజనం ఆ కొండలకు బావులపేరు, తొట్లపేరు, పావురాలపేరు పెట్టుకొని పిలిచారు. దేవుడు మారినా నీళ్ళు మారలేదు.

యీ స్తూపాల చుట్టూ ప్రదక్షిణాపథం వుంటుంది. స్తూపంలోకి ద్వారం లేదు, గర్భగుడి లేదు, లోపల చూడవలసింది లేదు. చుట్టూ నడవడమే పూజ. నడకను యింతగా పూజగా చేసిన మతం మన దేశంలో అంతకుముందు లేదు. ఆంధ్రదేశపు స్తూపాలలో మరొక విశేషం వుంది. శాలిహుండంలోవలె, నాగార్జునకొండలోవలె, కొన్నిచోట్ల పునాదిని బండిచక్రం ఆకారంలో కట్టారు. నడుమ కుండ, దానినుంచి ఆకులు, చివర కమ్మి. మధ్యనున్న గదులలో మట్టి నింపారు. దీన్ని ధర్మచక్రమని వ్యాఖ్యానించవచ్చును; భక్తులు అలాగే వ్యాఖ్యానించుకొనివుండవచ్చును. కాని తాపీమేస్త్రీ దృష్టితో చూడండి: నిండుగా యిటుకతో కట్టవలసిన దిబ్బను ఆకులతో కట్టి మట్టి నింపితే యెంత యిటుక, యెంత కూలి, యెంత వంటచెరకు మిగులుతుందో! బండి చేసే వడ్రంగికి తెలిసిన యుక్తి స్తూపం కట్టినవారికి పనికివచ్చింది. చక్రం ధర్మానికి గుర్తు కాకముందు బండికి చక్రమే.

కట్టినవారెవరు? డబ్బిచ్చినవారెవరు? అమరావతి స్తూపంలో వొక పూర్ణకుంభపు పలకమీద దాత పేరు విధికుడని వుంది, అతడు చర్మకారుడు. వర్తకులు, వారి భార్యలు, భిక్షుణులు, చేతిపనివారు యిచ్చిన రాళ్ళతో లేచిన కట్టడం అది. తోలుపని చేసే మనిషి తన పేరు చెక్కించిన రాతిపక్కనుంచి అందరూ ప్రదక్షిణం చేశారు. తర్వాతి శతాబ్దాలలో యే ఆలయం అతని వంశీకులను తన ప్రాకారం లోపలికి రానిచ్చింది? మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయప్రవేశ చట్టం వచ్చేవరకు అనేక దేవాలయాలలోని ప్రదక్షిణ మార్గం అస్పృశ్యులనిపించుకున్న కులాలకు మూసేవున్నది. బాట అదే ఆకారంలో వుంది. దానిమీద నడిచే పాదాలను యెంచే అధికారం మాత్రం మరొకరి చేతిలోకి పోయింది. కనుక చుట్టుబాట గురించి మొదటి ప్రశ్న దాని అర్థమేమిటన్నది కాదు. దానిమీద యెవరిని నడవనిచ్చారన్నదే మొదటి ప్రశ్న.

భిక్షువులకు మరొక నడక కూడా వుండేది. దానిపేరు చంక్రమణం. కొలిచి చదును చేసిన బాటమీద అటూ యిటూ నెమ్మదిగా నడవడం. పాలిగ్రంథాలలో దాని లాభాలు అయిదని లెక్కపెట్టారు. ప్రయాణానికి ఓర్పు, ప్రయత్నానికి ఓర్పు, ఆరోగ్యం, తిన్నది బాగా అరగడం, అటుపైన చాలాసేపు నిలిచే ఏకాగ్రత. అయిదింటిలో నాలుగు దేహానివి! అయిదవదైన ఏకాగ్రత ఆ నాలుగింటి మీద నిలబడింది. ఇత్సింగ్ కూడా భిక్షువుల నడకను ఆరోగ్యం దృష్టితోనే వర్ణించాడు. నడక మనసును నెమ్మదింపజేస్తుందన్నది అనుభవసత్యమే. మన ప్రాచీనులు దానిని కాదనలేదు, దేహంనుంచి విడదీయనూ లేదు. విడదీసినవారు తర్వాత వచ్చారు.

4

చరిత్రలో యిటువంటి బాటలను ప్రజలు యేం చేశారో చూడండి. గ్రీకుల కథలో, థీసియస్ చుట్టుకోటనుంచి బయటపడి డెలోస్ దీవిలో తన తోటి యువజనంతో ఆ మెలికలను అనుకరిస్తూ నృత్యం చేశాడని, తన కాలంలో కూడా ఆ దీవివారు ఆ కొంగనృత్యం చేస్తున్నారని ప్లూటార్కు రాశాడు. అది చదివినప్పుడు నాకు అరకులోయ ధింసా గుర్తుకు వచ్చింది. వొకరి వీపు వెనకనుంచి మరొకరు చేతులు పెనవేసుకొని, స్త్రీలు గొలుసుగా నిలిచి, పాములా సాగి, చుట్టగా చుట్టుకొని, మళ్ళీ విడివడతారు. నేలమీద గీతలేదు, రాయిలేదు. మనుషులే బాట, మనుషులే నడిచేవారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తప్పెటగుళ్ళలో గుండెకు తప్పెట కట్టుకొని వలయంగా కదిలే యాదవులను చూచినవారికి కూడా యీ సంగతి బోధపడుతుంది. వంటరిగా లోపలికి పోవడం కాదు, పదిమంది అడుగు కలవడమే అక్కడ అర్థం.

ఆడవారి చేతిలోని చుట్టుబాటను మనం వాకిట్లో రోజూ తొక్కిపోతున్నాం. చుక్కలు పెట్టి, గీత తెగకుండా వాటిచుట్టూ తిప్పే మెలికల ముగ్గు అది. అక్షరం నేర్పని సమాజంలో గణితాన్ని గుర్తుంచుకున్న చేతులవి. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి తన సహపరిశోధకులతో కలిసి యిటువంటి ముగ్గుల నియమాలను ఆధునిక గణిత భాషలో వివరించినప్పుడు గాని విద్యావంతులకు అందులో శాస్త్రం వున్నదని తోచలేదు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది, మర్నాడు మళ్ళీ వేయాలి. స్త్రీ శ్రమలో యెక్కువభాగం యిటువంటి చుట్టుదారే. బయలుదేరిన చోటికే రావడం, చెరిగినదానిని మళ్ళీ గీయడం. దాని అందాన్ని పొగిడేవారు దాని అలసటను కూడా లెక్కించాలి.

ఐరోపాలో షార్త్ర్ చర్చి నేలమీద 13వ శతాబ్ది మొదట్లో పరిచిన చుట్టుబాట ప్రసిద్ధమైనది. దాని అడ్డుకొలత 13 మీటర్లకు కొంచెం తక్కువ, లోపలి నడక 260 మీటర్ల పైచిలుకు. జెరూసలేము పోలేని భక్తులు దానిమీద మోకాళ్ళతో నడిచి యాత్రాఫలం పొందేవారని నేడు అందరూ చెప్పుకుంటారు. మధ్యయుగపు పత్రాలలో మాత్రం ఆ మాటకు సాక్ష్యం దొరకలేదు. దొరికిన సాక్ష్యం వేరు. ఓసేర్ పట్టణపు చర్చిలో ఈస్టరునాడు గురువులు చుట్టుబాటమీద బంతి విసురుకుంటూ నృత్యం చేసేవారు. 1538లో దానిని నిషేధించారు. అమియెన్ చర్చిలో 1288 నాటి చుట్టుబాట నడుమ బిషపు పేరుతోపాటు ఆ చర్చిని కట్టిన మేస్త్రీల పేర్లు చెక్కారు. రాతిపని చేసినవారు తమ సంతకానికి ఆ మెలికనే యెన్నుకున్నారు! రైమ్స్ చర్చిలోని చుట్టుబాటమీద కూడా కట్టినవారి బొమ్మలుండేవి. పిల్లలు ఆడుకుంటూ ప్రార్థనకు భంగం కలిగిస్తున్నారని 1779లో దానిని తవ్వించివేశారు. ఆట, నృత్యం, పనివాని సంతకం—యివి పోయిన తర్వాత మిగిలినదానికి ఆధ్యాత్మికమని పేరు పెట్టారు.

1990ల నుంచి అమెరికాలో యీ బాటలు మళ్ళీ పుట్టుకువచ్చాయి. ఆసుపత్రులలో, విశ్రాంతిభవనాలలో, విహారకేంద్రాలలో శాంతికోసం నడుస్తున్నారు. రోగికి ఊరట కలిగితే మంచిదే, దానిని ఆక్షేపించను. కాని ఎనిమిదిగంటల పనిలో మనిషిని నలిపి, తొమ్మిదవగంటలో శాంతిని టిక్కెట్టుమీద అమ్మే వ్యవస్థను ఆక్షేపించక తప్పదు. అక్కడ నడకకు బాట దొరుకుతున్నది. బతుకుకు బాట దొరకడంలేదు.

5

మళ్ళీ భోగాపురానికి వద్దాం. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మవారి పండుగకు ఘటాలు ఊరు తిరుగుతాయి. ఆ తిరుగుడు ఊరి యెల్లలను ప్రతి యేడూ కాళ్ళతో కొలిచే కొలత కూడాను. ఇది మన ఊరు, వీరు మనవారు, యిదిగో పొలిమేర అని పట్టాకాగితం లేని జనం రాసుకునే దస్తావేజు. మహారాష్ట్రలో గ్రామదేవతల గుళ్ళ వెంట కాలినడకన తిరిగిన కోశాంబి, ఆ గుళ్ళు చాలావరకు పాత కాలిబాటలు కలిసేచోట్ల వున్నాయని చూపించాడు. దేవత వెళ్ళి బాటమీద కూర్చోలేదు. బాట వున్నచోట దేవత పుట్టింది.

భోగాపురం విమానాశ్రయం కోసం సుమారు 2,200 ఎకరాలు సేకరించారు. 2015లో ప్రతిపాదన వచ్చినప్పుడు రైతులు ఆందోళన చేశారు. 2019లో వొకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాసులు యిళ్ళు వదిలి కొత్త కాలనీలకు పోవలసివచ్చింది. విమానం వద్దనడం అభ్యుదయం కాదు. యంత్రాన్ని చూచి భయపడేవాళ్ళం కాము. కాని యింటికీ పొలానికీ వెల కట్టిన లెక్కలో, ఊరు తిరిగే బాటకు వెల యే పద్దులో రాశారు? ఘటం ఎత్తుకున్న ఆడమనిషి కొత్త కాలనీలో దేనిచుట్టూ తిరగాలి? యిది భక్తుల ప్రశ్న మాత్రమే కాదు. పొలిమేర పోయిన జనానికి సంఘంగా నిలిచే చోటేది అన్న ప్రశ్న.

ఆ విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఆయన 1922లో గూడెం కొండల్లో తిరుగుబాటు లేవదీయడానికి వొక ముఖ్యకారణం రోడ్డుపని. ఘాటురోడ్డు వేయడానికి గిరిజనులను సరిగా కూలి యివ్వకుండా వెట్టికి తోలిన అధికారులమీద మన్యం మండింది. బాట మంచిదే, ఆ బాట యెవరి వీపుమీద పడిందన్నదే నాటి ప్రశ్న. నేటికీ మన్యంలో రోడ్డులేని గూడేలనుంచి నిండుగర్భిణిని డోలీలో మోసుకువస్తున్న మనుషులకు నడక ధ్యానం కాదు, ప్రాణసంకటం.

మన తీరం మరొక నడకను కూడా చూచింది. 1937లో ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతురక్షణ యాత్ర, జమీందారీ రద్దు కోరుతూ ఊరూరా ఆగుతూ సుమారు 1,500 మైళ్ళు నడిచి 1938లో మద్రాసు చేరింది. వాళ్ళు తిరిగివచ్చేసరికి బయలుదేరిన చోటు మునుపటిలా లేదు. రైతు తలయెత్తి మాటాడడం నేర్చుకున్నాడు. జమీందారీ రద్దుచట్టం 1948లో వచ్చింది. కళ్ళంలో తిరిగిన కాళ్ళే, సింహాచలం కొండచుట్టూ తిరిగిన కాళ్ళే ఆ దారిన నడిచాయి. నడకలోని ఓర్పును, పదిమందితో అడుగు కలపడాన్ని వాళ్ళు యే పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఆ చుట్టుబాటల్లోనే నేర్చుకున్నారు.

అందుచేత చుట్టు తిరిగే మనిషిని చూచి మనం నవ్వకూడదు, అతని తిరుగుడుకు విశ్వరహస్యం అంటగట్టకూడదు. అతని పక్కన నడవాలి. నడుస్తూ, కళ్ళంలో రాలిన గింజ యెవరి గాదెకు పోయిందని అడగాలి.